‘వాడరాదు’, ‘వీలైన చోట’

నాలుగేళ్ళ క్రితం ఒక అంతర్జాతీయ సహకార ప్రాజెక్టు కోసం శిక్షణ పుస్తకం తెలుగు చేశాను. నిధులు విదేశాలవి, అమలు ఇక్కడి ఒక సంస్థది, విషయం సుస్థిర ఆక్వా సాగు, గ్రామీణాభివృద్ధి. సాహిత్యంలో డాక్టరేట్ చేతిలో పెట్టుకుని పేజీకింత చొప్పున అనువాదాలు చేసుకుంటున్న రోజులవి.

రొయ్యల చెరువులు నాకు కొత్త కాదు. మాది భీమవరం దగ్గర పల్లె. మా అమ్మ తరం ఆడవాళ్ళు ఊడ్పులకీ కలుపులకీ వెళ్ళిన చేలు నేను బడికి వెళ్ళే రోజులకే చెరువులైపోయాయి. చెరువుకి కాపలాకి ఒకరు, మేత చల్లడానికి ఒకరు ఉంటే చాలు, ఇద్దరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి మిగిలింది పీలింగ్ షెడ్డు. ఐసులో తడిసిన రొయ్యకి తల తీయడం, పొట్టు తీయడం. రోజంతా నిలబడే.

ఆ పుస్తకంలో యాంటీబయాటిక్స్ గురించి చాలా పేజీలున్నాయి. అన్నీ గట్టి క్రియలే. ‘వాడరాదు’, ‘నిషేధం’, ‘రికార్డు తప్పనిసరిగా ఉంచాలి’. చివర్లో స్త్రీల గురించి రెండు పేజీలు. గ్లౌజులు, మరుగుదొడ్డి, కూర్చోడానికి బల్ల... ఇవన్నీ ‘వీలైన చోట కల్పించడం మంచిది’ అట. నేను ‘కల్పించాలి’ అని రాశాను. ఎర్ర గీతతో తిరిగొచ్చింది, మూలంలో అంత గట్టిగా లేదని. నిజమే, లేదు. మార్చాను. డబ్బు తీసుకున్నాను.

తర్వాత మా ఊళ్ళో షెడ్డుకెళ్ళే ఒకావిడకి ఆ రెండు పేజీలూ చదివి వినిపించాను. శ్రద్ధగా విని, “వీలైన చోట అంటే మా షెడ్డులో కాదనేగండీ?” అంది. కవితలో ఒక్క క్రియాపదం మీద మూడు గంటల సెమినార్ పెట్టగల మనం ఇంత సూటిగా ఎప్పుడైనా చదివామా?

ఈ తేడా అనువాద సమస్య కాదు. రొయ్యలో మందు అవశేషం కనబడితే కంటైనర్ వెనక్కొస్తుంది. 2016లో యూరోపియన్ యూనియన్ మన పెంపకపు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అది తినేవాళ్ళ ఆరోగ్యం, అందులో తప్పేం లేదు. కానీ ఐసుకీ ముల్లుకీ ఒరిసిపోయి చీము పట్టిన వేళ్ళ కారణంగా ఏ కంటైనరైనా వెనక్కొచ్చిందా? 2024లో అసోసియేటెడ్ ప్రెస్, అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఈ షెడ్ల గురించి బయటపెట్టిన విషయాలు మన ఊళ్ళలో ఎవరికి తెలియవు? వాళ్ళు చెబితే వార్త. మన ఆడవాళ్ళు చెబితే సణుగుడు.

“అయితే విదేశీ సహకారమే వద్దంటావా?” అని ఒక సీనియర్ మిత్రురాలు కోప్పడింది. అననండీ. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సభ్యదేశాలు చిన్నతరహా మత్స్యకారుల కోసం మార్గదర్శకాలు ఆమోదించాయి. చేప పట్టేవాడితో పాటు ఎండబెట్టే, అమ్మే స్త్రీనీ లెక్కలోకి తీసుకున్న పత్రం అది. దాని కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన చెన్నైవాసి చంద్రికా శర్మ ఆ మార్చి 8న మలేషియా విమానంలో అదృశ్యమైపోయింది. ఆ పత్రాన్ని ఆమెకే అంకితమిచ్చారు. అంత గొప్ప పత్రం పేరులోనే ఉంది, ‘స్వచ్ఛంద’ మార్గదర్శకాలని! పాటించకపోతే ఏమీ కాదన్నమాట.

పల్లె పక్షాన ఒకసారి గట్టి క్రియ వచ్చింది. ప్రపంచ బ్యాంకు 1992లో రొయ్యల సాగుకి అప్పిచ్చింది, 1994-95ల్లో తెల్లమచ్చ వ్యాధి చెరువుల్ని ఊడ్చేసింది. సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ ప్రాంతంలోని ఆ చెరువుల్ని తొలగించాలంది, పని పోయేవాళ్ళకి పరిహారమూ ఇవ్వాలంది. ఆ పోరాటంలో కృష్ణమ్మాళ్ వెంట నడిచిన పల్లె స్త్రీలెందరో! ఏమైంది? 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ నిషేధాన్ని పక్కకి నెట్టేసింది. ‘తొలగించాలి’ని కూడా ‘వీలైన చోట’గా మార్చగలరు, అవసరమైతే.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతమైనప్పుడు రైతుల నష్టం, ఎగుమతిదారుల నష్టం పేజీలకి పేజీలు చదివాను. షెడ్డులో ఎన్ని రోజులు పని లేదో నేను చదివిన వాటిలో ఎక్కడా లేదు. మన స్త్రీవాద పత్రికల్లోనూ లేదు. ఇది నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. నీళ్ళనీ నదినీ ప్రతీకలుగా ఎంత రాసుకున్నాం! ఉప్పెక్కిన బావి గురించి ఎంత తక్కువ రాశాం.

పోయిన నెల అదే సంస్థ నుంచి ఇంకో పుస్తకం వచ్చింది. ఈసారి స్త్రీలకి నాలుగు పేజీలు, ‘సాధికారత’ అన్న శీర్షిక, పొట్టు తీస్తూ నవ్వుతున్న అమ్మాయి ఫోటో. వాక్యం అదే. ఈసారి అనువాదంలో దొంగతనంగా ఏమీ మార్చలేదు. మూలాన్నే మార్చమని ఉత్తరం రాశాను, షెడ్డులో ఆవిడ అడిగిన ప్రశ్నని అలాగే అందులో పెట్టాను. అప్పటిదాకా ఆ పేజీలు తెలుగు చెయ్యనన్నాను. మూడు వారాలైంది. జవాబు రాలేదు, అడ్వాన్సు వెనక్కిమ్మనీ అడగలేదు.