మన సభ చెత్త మన బోదెలోకేనా?

గత ఏడాది మన సభలో మురుగు కాలువల పూడిక తీయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. చప్పట్లూ కొట్టాం. మర్నాడు పొద్దున్నే పందిరి విప్పడానికి వెళ్లిన కార్యకర్తలు చూసేసరికి మనం తాగి పారేసిన నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు గాలికి పక్క బోదెలో పడి తూము దగ్గర అడ్డంగా పేరుకున్నాయి. మన సంఘం పేరున్న ఫ్లెక్సీ ముక్క కూడా వాటిలో ఉంది. ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఏర్పాట్లు చేసింది మనమే.

కోనసీమ రైతుకు మురుగు కష్టం ఎంతటిదో చెప్పనక్కర్లేదు. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు వేలాది ఎకరాలు బీడు పెట్టి సాగు విరామం ప్రకటించారంటే, గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ముంపు కూడా కారణమే. మోహన్ కందా కమిటీ వచ్చి వెళ్లింది. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో అదే మాట వినవలసి వచ్చింది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరిచెట్లు మోడులయ్యాయి. ఇవన్నీ మన ప్యాకెట్ల వల్ల జరిగినవి కావు. పూడిక తీయించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, ఆ డిమాండులో వెనక్కి తగ్గేది లేదు. కానీ అర్జీ పట్టుకుని వెళ్లినప్పుడు "చెత్త వేసేది మీరే కదా" అనే సాకు అధికారుల చేతికి మనమే అందించడం ఎందుకు?

వచ్చే నెల రాజోలులో జరిగే మహాసభను ప్లాస్టిక్ లేకుండా జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేవారు జగ్గన్నతోటను తలచుకోండి. కనుమ నాడు పదకొండు ఊళ్ల ప్రభలు పచ్చని చేల మీదుగా, కౌశిక దాటి, భుజాల మీదే వస్తాయి. వెదురూ రంగు గుడ్డలే వాటి సొగసు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఆ ప్రభల తీర్థమే. రాజోలు వైపు చేలకు నీరు తెచ్చే గన్నవరం అక్విడక్టుకు పేరిచ్చిన డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టారు. ఏ పూట వడ్డనకూ ఆమెకు థర్మాకోల్ ప్లేటు అవసరం పడలేదు.

భోజనం అరిటాకులో. ఎంగిలాకులు పశువులకు పోతాయి. నీళ్లు కుండల్లో, స్టీలు గ్లాసులతో. కాగితం కప్పు మంచిదే కదా అంటారు గాని దాని లోపలా ప్లాస్టిక్ పొరే ఉంటుంది. వచ్చినవారికి ఒక్కో బొండాం ఇస్తాం, అదీ మన సభ్యుల తోటల నుంచే, రేటుకు కొని. సీసా నీళ్లకు పోసే డబ్బు ఎక్కడో కంపెనీకి పోయేకన్నా మన రైతుకే చేరుతుంది. అయితే తాగేసిన బొండాలు వానకు వదిలేస్తే దోమల పెంపకమే. వాటిని ఆ సాయంత్రమే బండికెత్తి కొబ్బరి మొదళ్ల చుట్టూ గోతుల్లో పూడ్చాలి, ఎండాకాలం చెమ్మ నిలుస్తుంది.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, ప్లాస్టిక్ జెండాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. నీళ్ల ప్యాకెట్ ఆ జాబితాలో లేదని వాదించే మిత్రులున్నారు. జాబితాలో లేకపోయినా తూములో ఉంది కదా!

ఇక ఫ్లెక్సీలు. పాతవి ధాన్యం రాశుల మీద కప్పుకోవడానికి పనికొస్తాయి, నిజమే. రెండు ఎండాకాలాలకు పొడి పొడిగా రాలి ఆ చేలోనే కలుస్తాయి. ఈసారి గుడ్డ బ్యానరు, పెయింటరు చేత రాయించినది. దాని మీద తేదీ వేయొద్దు, తేదీకి వేరే పట్టీ కుట్టుకుంటే పైయేడూ అదే కట్టొచ్చు. ఫొటో లేదని ఏ నాయకుడైనా అలిగితే అలగనివ్వండి.

ఒక చిక్కు మాత్రం దాచకూడదు. గ్లాసులు కడగాలి. ప్లాస్టిక్ వచ్చాక ఆ పని తప్పింది, ఇప్పుడు మళ్లీ ఆడవాళ్ల మీదే పడితే ఈ నిర్ణయానికి అర్థం లేదు. కడిగే తొట్ల దగ్గర గ్రామ కార్యదర్శులే వంతులవారీగా నిలబడాలి. మా పేర్లు ముందే రాసుకున్నాం.

అన్నం వృథా కాకుండా ఏ ఊరి నుంచి ఎందరొస్తారో మూడు రోజుల ముందే లెక్క పంపండి. ఒక్కొక్కరూ ఒక్కో మోటారు సైకిలు మీద కాకుండా బస్సుకో, కలిసి ఆటోకో రండి. ఆఖరి బస్సులు అందేలా సభ ముగిస్తాం, ఉపన్యాసకులు గడియారం చూసుకోవాలి.

సభ మర్నాడు ఉదయం ఏడింటికి కార్యవర్గమంతా గోనె సంచులతో బోదె గట్టుకు రావాలి. తూము దగ్గర ఏమైనా ఉంటే మనమే దిగి తీద్దాం.