బంగారు జుట్టూ – రాగి జుట్టూ

మొన్న మా అక్క కూతురు తిరుపతిలో పార్లరుకు పోయి జుట్టుకి బంగారు రంగు వేయించుకొచ్చింది. అచ్చం పోస్టర్లో హీరోయినే! "ఇది బ్లాండ్ మామా! తెలుగులో ఏమంటారు దీన్ని?" అంది. నేను నోరు తెరిచేలోగా మా అమ్మ అందుకుంది. "రాగి జుట్టంటారు. చిన్నప్పుడు మీ మామకు ఉణ్ణింది, పైసా ఖర్చు లేకుండా!"

అందరం నవ్వాం. నా నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

బ్లాండ్ అనే మాట ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నది. అందుకే మగవాడికి ఒకలా, ఆడవాళ్ళకి చివర 'ఇ' చేర్చి ఇంకోలా రాస్తారు. దానికి ప్రపంచమంతా మోజు తెచ్చింది సినిమా. 1953లో 'జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్'లో వెలిగిపోయిన మార్లిన్ మన్రోది కూడా పుట్టు బంగారం కాదండోయ్, రంగే!

మనకు మాటలు లేవా అంటే, బోలెడు. పింగళం, పిశంగం, కడారం... అన్నీ అమరకోశంలో ఉన్నవే. అన్నిటికన్నా మనకు దగ్గరిది కపిలం. కపి అంటే కోతి. కోతి ఒంటి రంగు కపిలం. తిరుపతిలో కొండ కింద కపిలతీర్థంలో మునిగేవాళ్ళకి ఆ పేరు కపిల మహామునిదని తెలుసు. ఆ ముని పేరులో ఉన్నది ఈ రంగేనని ఎందరికి తెలుసు?

మునికైతే కపిలం, తారకైతే బ్లాండ్. మరి చిత్తూరు పక్క పల్లెలో బడికి పోయే నాకు? "ఒరే రాగిజుట్టోడా!" రాగిసంగటి తిని తిని అలా అయ్యిందని ఎగతాళి. పాపం, సంగటి తప్పేం లేదు. దాని పక్కన పప్పూ గుడ్డూ లేకపోవడమే తప్పు. డాక్టరుగారు చూసి మా అమ్మతో ఆ మాటే చెప్పారు.

మాంసకృత్తులు బాగా తక్కువైతే పిల్లల జుట్టు నలుపు తగ్గి ఎర్రబారుతుంది. ఆ లోపం ముదిరితే వచ్చే జబ్బు క్వాషియార్కర్. ఆఫ్రికాలో ఇప్పటి ఘనా దేశపు తల్లుల మాట అది. 1935లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ దాన్ని వైద్యశాస్త్రంలోకి తెచ్చారు. అర్థమేమిటో తెలుసా? తర్వాతి బిడ్డ పుడితే పెద్దబిడ్డకు వచ్చే జబ్బు! చంటిదానికి పాలిచ్చి, పెద్దవాణ్ణి చనుబాలు మాన్పిస్తారు గదా, అదీ కథ. నా వెనక ఏడాదికే మా చెల్లెలు పుట్టింది.

ఎర్రజుట్టంతా జబ్బేనని కాదు సుమా! కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి ఎండకి వస్తుంది. కానీ నల్లగా ఉన్న పిల్లవాడి జుట్టు రాగిరంగుకి తిరుగుతుంటే, వాడికి పేరు పెట్టకండి. ముందు ఒక గుడ్డు పెట్టండి. డాక్టరుకి చూపించండి.

మేనకోడలికి ఇదంతా చెప్పాను. కాసేపు అద్దంలో చూసుకుని, "అయితే నాది కపిలం అనుకో మామా" అంది.

మా అమ్మ మాత్రం అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.