వేపచెట్టుకూ చోటు

తెల్లవారుజామున కేబీఆర్ పార్కు గేటు దగ్గర నిలబడితే హైదరాబాద్ మరోలా కనిపిస్తుంది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా నడిచే పెద్దాయన, ఆయన్ని దాటుకుంటూ పరుగెత్తే కుర్రాడు, నెమలి కూత వినబడి ఠక్కున ఆగిపోయే పిల్ల. 1998లో జాతీయ ఉద్యానవనమైన ఈ 350 ఎకరాల పైచిలుకు అడవి వాళ్ల దినచర్యలో భాగం. 2016లో ఫ్లైఓవర్ల కోసం చుట్టుపక్కల చెట్లు కొట్టేస్తారని తెలిసినప్పుడు రోడ్డెక్కినవాళ్లలో ఇక్కడ రోజూ నడిచేవాళ్లూ ఉన్నారు. అది నాకెంతో ధైర్యమిచ్చిన సంగతి.

కానీ టికెట్టు కొని లోపలికి వెళ్లలేని బస్తీ పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అందుకే ఈ సంచికలో పెద్ద పార్కులకన్నా వీధి చివర మిగిలిన ఖాళీ స్థలానికీ, అక్కడి వేపచెట్టుకీ ఎక్కువ పేజీలిచ్చాం.