అన్నం ఉందిగా, బన్నెందుకు?

ఢిల్లీలో కాపురమున్న తెలుగువాళ్లింట్లో పిల్లకి సీలియాక్ జబ్బని తేలగానే ఊరి నుంచి ఫోన్లో ముందుగా వినిపించే మాట, "గోధుమలు మానిపిస్తే సరి, మనకి అన్నం ఉందిగా!" అని. వైద్యం వరకు ఆ మాట నిజమే. గోధుమ, బార్లీ, రై మానడం తప్ప ఈ జబ్బుకి ఇవాళ్టికీ వేరే మందు లేదు. ఆ గింజల్లో ఉండే, ఈ జబ్బున్నవాళ్లకి పడని గ్లూటెన్ అన్నంలో, ఇడ్లీలో, పెసరట్టులో, జొన్నరొట్టెలో ఉండదు. కానీ ఆ పిల్ల పెరుగుతున్నది ద్వారకలోనో నోయిడాలోనో. అక్కడ పుట్టినరోజంటే పావ్‌భాజీ, ఆదివారమంటే ఛోలే కుల్చే. అందరూ తింటుంటే తనొక్కతే చూస్తూ కూర్చోవడం ఏ పసిదానికైనా పెద్ద శిక్ష. అందుకే ఇంట్లో మెత్తటి బన్ను చెయ్యడం నేర్చుకోమని ఇంతగా చెబుతున్నాను.

ఇలాంటివాళ్లు తక్కువేమీ లేరు. ఎయిమ్స్ వైద్యులు ఢిల్లీ ప్రాంతంలో ఇంటింటికీ తిరిగి 2011లో ప్రచురించిన సర్వే ప్రకారం దాదాపు 96 మందిలో ఒకరికి ఈ జబ్బుంది. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో ఉత్తరాదిన 1.23 శాతం మందికి, దక్షిణాదిన 0.10 శాతం మందికి కనిపించింది. దీనికి వీలిచ్చే జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నాయి. పెద్ద తేడా కనిపించింది కంచంలో: అక్కడ సగటున రోజుకి 455 గ్రాముల గోధుమ తింటుంటే ఇక్కడ తినేది 25 గ్రాములు. "మన వంశంలో ఇలాంటివి లేవు" అని పరీక్ష వాయిదా వేసే తల్లిదండ్రులు ఈ అంకెలు చూడాలి.

ఇక బన్ను సంగతి. చాలామందికి అది రాయిలా రావడానికి కారణం, చపాతీ పిండిలా గట్టిగా కలపడం. గోధుమపిండిలో గ్లూటెన్ సాగి గాలిని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండిలో ఆ పని ఇసబ్‌గోల్ పొట్టు చేస్తుంది, మందుల షాపులో మలబద్ధకానికి ఇచ్చేదే. మెత్తటి బియ్యప్పిండి, జొన్నపిండి, కార్న్‌ఫ్లోర్ కలిపి 300 గ్రాములైతే పొట్టు 15 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్ల పైమాటే. పొట్టు నీళ్లలో నాని జిగురయ్యాక ఈస్టు, పంచదార, ఉప్పు, కాస్త నూనెతో పాటు పిండిలో కలపాలి. గారెల పిండిలా చేతికి అంటుకుంటూ ఉండాలి. భయపడి పొడిపిండి చల్లారో, మెత్తదనం పోయినట్టే. తడిచేత్తో ఉండలు చేసి, ఒకదానికొకటి ఆనేలా పళ్లెంలో సర్దితే పక్కలకి జారకుండా పైకి లేస్తాయి. ఒక్కసారి పొంగితే చాలు. మే నెలలో అరగంటకే పొంగుతాయి, అంతకు మించి ఉంచితే ఓవెన్‌లో కుంగిపోతాయి. జనవరి చలిలో గంటకు పైగా ఓపిక పట్టాలి. 190 డిగ్రీల్లో అరగంట కాల్చి, తియ్యగానే వెన్న రాసి గుడ్డ కప్పాలి. పూర్తిగా చల్లారకుండా కోస్తే లోపల బంకగా ఉంటుంది. మర్నాటికి గట్టిపడినా ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టిస్తే మళ్లీ దూదే.

చేత్తో చేసే పనికంటే సరుకు తెచ్చుకునే దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. వీధి చక్కీలో గోధుమలాడిన రాళ్ల మీదే జొన్నలూ ఆడతారు. గ్లూటెన్ రహితమని అమ్మే సరుకులో కిలోకి 20 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం, కాబట్టి ఆ ముద్ర చూసే కొనాలి. గోధుమపిండి జల్లించిన జల్లెడ వాడొద్దు. పొడి ఇంగువలో చాలా రకాలకి గోధుమపిండి కలుస్తుంది. బన్ను ఇంత జాగ్రత్తగా చేసి చారు తాలింపులో ఆ ఇంగువే వేస్తే పడిన శ్రమంతా వృథా.

మరో సంగతి. పిల్ల కోసం ఇంటిల్లిపాదీ ఒకేసారి గోధుమ మానేస్తున్నారు. అంతకు ముందే తల్లిదండ్రులూ తోబుట్టువులూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బు దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎక్కువగా వస్తుంది, గోధుమ మానేశాక చేసిన పరీక్షలో ఉన్న జబ్బు కూడా బయటపడకపోవచ్చు.