కొవ్వొత్తి అన్న మాటలో కొవ్వు ఎవరిది?

ఈ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, బాబాసాహెబ్ ఆశయాల గురించి చాలామంది రాస్తారు. రాయాలి కూడా. మేము మాత్రం కొవ్వు గురించి రాస్తున్నాం. మనలో ఎవరైనా తల ఎత్తి మాట్లాడితే "వీడికి కొవ్వెక్కింది" అంటారే, ఆ కొవ్వు కాదు. మేకనో, పొట్టేలునో, దున్ననో కోసినప్పుడు మాంసం పంచుకోగా మిగిలిపోయే అసలు కొవ్వు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

ముందు ఒక మాట గమనించండి. కరెంటు పోతే మనం వెలిగించేది కొవ్వొత్తి. కొవ్వు, వత్తి కలిసి కొవ్వొత్తి అయింది. ఇప్పుడు దుకాణంలో దొరికేది ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనంతో చేసినది. అయినా పేరు మాత్రం పాత సంగతిని దాచుకుంది. ఆ వెలుగు ఒకప్పుడు పశువుల కొవ్వుది. పశువును కోయడం, తోలు తీయడం, కొవ్వు కరిగించడం లాంటి పనులు మన ఊళ్ళల్లో ఎవరి మీద పడ్డాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కొవ్వు పేరు భాషలో మిగిలింది. ఆ పని చేసిన చేతుల పేరు ఎక్కడా మిగలలేదు.

ఇవాళ పండగకో, జాతరకో ఏటను కోస్తే కొవ్వు ఏమవుతోంది? కొంత కూరలో పడుతుంది. మిగతాది కుక్కలకో, మోరీలోకో పోతుంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలా జారిపోతుంది కాబట్టి మనకు తెలియదు. మోరీలో చల్లారాక గట్టిపడి గొట్టాన్ని మూసేస్తుంది. హాస్టల్ వంటగదిలో అంట్లు తోమే తొట్టి నిండిపోయి నీళ్ళు వెనక్కి తన్నడానికి ఇదీ ఒక కారణమే.

మా అమ్మమ్మలు, నాయనమ్మలు ఇలా పారేసేవాళ్ళు కాదు. గుర్దాల చుట్టూ ఉండే తెల్లటి గట్టి కొవ్వును వేరుగా తీసి, నెత్తురు, మాంసం ముక్కలు లేకుండా శుభ్రం చేసి, సన్నగా తరిగేవాళ్ళు. మాడకుండా అడుగున కాసిన్ని నీళ్ళు పోసి, సన్నటి సెగ మీద పెట్టేవాళ్ళు. నీళ్ళు ఇగిరిపోయి చిటపటలు ఆగాక పలచటి గుడ్డతో వడగట్టి డబ్బాకు ఎత్తేవాళ్ళు. తడి తగలకపోతే, మూత సరిగ్గా ఉంటే అది చాలా రోజులు నిలవ ఉంటుంది. తడి గానీ మాంసం పిప్పి గానీ మిగిలితే ముక్కిపోతుంది. ఎప్పుడైనా కాగే కొవ్వుకు మంట అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పోస్తే మంట ఎగిసి మీద పడుతుంది. పొయ్యి ఆర్పి మూత పెట్టాలి. ఇదంతా చదువు రాని ఆడవాళ్ళు చేసిన పని. ఎసరు ఎప్పుడు ఇగురుతుందో చెవితో విని చెప్పగలగడం కూడా ఒక శాస్త్రమే అని మేము అంటాం.

ఆ డబ్బాలో కొవ్వు దేనికి పనికొస్తుంది? తోలు చెప్పులకు, బెల్టులకు గుడ్డతో పలచగా పట్టిస్తే తోలు ఎండి పగలదు, వాననీటిని కొంత ఆపుతుంది. మోటతో నీళ్ళు తోడిన రోజుల్లో తోలు బొక్కెనకు, తోలు పట్టెడలకు జిడ్డు పట్టించకపోతే నాలుగు రోజుల్లో బిరుసెక్కిపోయేవి. కొడవలి, గొడ్డలి, పార వాన కాలం మూల పడేసేటప్పుడు ఒక పూత పూస్తే తుప్పు పట్టదు. తలుపు బందు కీచుమంటే కాస్త రాస్తే చాలు. పాత గుడ్డ పీలికలను ముంచి ఆరబెట్టుకుంటే తడి కట్టెల పొయ్యి కూడా రాజుకుంటుంది. ప్రమిదలో పోసి వత్తి వేస్తే దీపం వెలుగుతుంది. పొగ, వాసన ఉంటాయి, ఆ మాట దాచం. కాళ్ళ పగుళ్ళకు రాస్తే చర్మంలో తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. అయితే అది మందు కాదు. చీము పడితే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

అన్నిటికన్నా పెద్ద ఉపయోగం సబ్బు. పదో తరగతి రసాయన శాస్త్రంలో సపోనిఫికేషన్ అని బట్టీ పట్టామే, అదే ఇది. కొవ్వు, క్షారం కలిస్తే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. కిలో కొవ్వుకు సుమారు 130 గ్రాముల కాస్టిక్ సోడా, 350 మిల్లీలీటర్ల నీళ్ళు సరిపోతాయి. అన్నీ తూకం వేసే తీసుకోవాలి. సోడాను నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయాలి, నీళ్ళను సోడా మీద పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడకూడదు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. సైన్సు సారు దగ్గర లేకుండా పిల్లలు ఈ పనికి దిగకూడదు. అచ్చు పోసిన సబ్బును 4 వారాలు ఆరనిచ్చి వాడాలి. కొవ్వులో ఏముందో మొదట విడదీసి చెప్పిన వాళ్ళలో ఫ్రాన్సు దేశపు షెవ్రూల్ ముఖ్యుడు. 1823లో దాని మీద గ్రంథం అచ్చు వేశాడు. స్టియరిక్ ఆమ్లం అనే పేరు కూడా గట్టి కొవ్వు అనే గ్రీకు మాట నుంచే వచ్చింది. అంటే మన వాడలో డబ్బాలో ఉన్నది, పాఠ్యపుస్తకంలో ఉన్నది ఒకటే వస్తువు. మరి పుస్తకంలో చదివితే మార్కులు, ఇంట్లో చేస్తే చిన్నతనం ఎందుకు కావాలి?

సాంఘిక శాస్త్రంలో 1857 తిరుగుబాటు పాఠంలో తూటాలకు పూసిన కొవ్వు గురించి చదువుతాం. అక్కడ అది మైల. అమెరికాలో వేట కాలంలో జింకను కోసుకున్న కుటుంబాలు దాని కొవ్వుతో సబ్బులు, కొవ్వొత్తులు చేసుకుంటారు. జింక కొవ్వు చల్లారగానే గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది గనుక తినడానికన్నా ఇలాంటి పనులకే బాగుంటుంది. దాన్ని వాళ్ళు పొదుపు అంటారు, నైపుణ్యం అంటారు. మన దగ్గర జింక వేట 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ ఊసే వద్దు. కానీ మేక కొవ్వుతో అదే పని మా అమ్మ చేస్తే "వాసన" అంటారు. వస్తువు ఒకటే, చేసే మనిషిని బట్టి పేరు మారుతోంది.

ఇక్కడ కొందరు అన్నలు అడుగుతారు: "చచ్చిన పశువుల మాంసం మానండి అని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెప్పారు కదా, మళ్ళీ ఆ గొడవ ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. ఆయన మానమన్నది మెడ మీద కత్తి పెట్టి చేయించిన పనిని, దాంతో వచ్చే అవమానాన్ని. ఊరి కళేబరాలు మోసే వెట్టికి మనలో ఎవరూ తిరిగి వెళ్ళనక్కర్లేదు, వెళ్ళకూడదు. మేము చెప్పేది వేరు. వెట్టిని వదిలేటప్పుడు దాంతోపాటు తెలివిని కూడా మోరీలో పారబోయకండి అంటున్నాం. ఆ పని మన మీద రుద్దారు. ఆ పనిలో నేర్చుకున్నది మాత్రం మన పెద్దల సొంతం.

మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్ళం. పట్టా చేతికొచ్చాక ఇంటి పనుల పేర్లే నోటికి రాకుండా పోతే ఆ పట్టా సగమే. అందుకని ఒక్క పని చేయండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో, అవ్వనో, తాతనో కూర్చోబెట్టి కొవ్వు, తోలు, ఎముక దేనికి వాడేవాళ్ళో అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. మీ ఊరి మాటల్లోనే రాయండి. తిరిగొచ్చాక గోడపత్రికలో పెట్టండి. సైన్సు సారును అడిగి అందులో రసాయన శాస్త్రం ఏముందో పక్కనే రాయించండి. వచ్చే ఏడాది సంచికకు అంతకన్నా మంచి వ్యాసం ఉండదు.

జై భీమ్.