పూలమడికి సిమెంటు గట్టెందుకు?

పూలమడి చుట్టూ ఇటుక అంచు వేయించాలనుకుంటున్నామని అనగానే మేస్త్రీ నోట వచ్చే మాట ఒకటే: "మాలు వేసి కట్టకపోతే నిలవదండీ, రెండు వానలకు ఊడిపోతుంది." మొక్కల పెంపకం మీద సలహాలిచ్చేవాళ్లూ ఇదే పాట అందుకున్నారు. ఇటుక కట్టుబడి, పైన ప్లాస్టింగు, దానిమీద ఎర్రరంగు. అలా చేస్తే గట్టు గట్టిగా ఉంటుందట, గరిక రాదట, మట్టి కొట్టుకుపోదట. మొదటి రెండూ తప్పు. మూడోది సగం నిజం, ఆ సగమే మొక్కల ప్రాణం తీస్తుంది.

గోడ నిలిచేది ఒక్క సిమెంటు బలం మీదే కాదు, కింద పునాది కూడా ఉంటుంది. మడి గట్టుకు పునాది తీసేదెవరు? నేలను కాస్త గీరి, మెత్తటి తోటమట్టి మీదే ఇటుక పేర్చి మాలు పెడతారు. ఒకపక్క రోజూ తడిసే మడి, మరోపక్క ఎండిన దారి. నల్లరేగడి అయితే చెప్పనే అక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, వేసవికి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ కదలికకు నాలుగంగుళాల కట్టుబడి విరగక ఏం చేస్తుంది? విరిగాక బాగుచేయడమంటే పగలగొట్టడమే. ఇసుక మీద ఊరికే పేర్చిన ఇటుకలు కూడా కదులుతాయి, కాదనను. కానీ కదిలిన ఇటుకను తీసి, కింద పిడికెడు ఇసుక వేసి మళ్లీ కూర్చోబెట్టడానికి మేస్త్రీ అక్కర్లేదు.

గరిక కాడలు నేలమీదా పాకుతాయి, నేలలోపలా పాకుతాయి. పైపైన ఆగిపోయిన సిమెంటు కిందినుంచి అది సులువుగా దాటుతుంది. పగుల్లో వేరూనిందంటే ఇక పీకడం ఎవరి తరమూ కాదు. లాగితే కాడ తెగి చేతికొస్తుంది, కణుపు లోపలే ఉండిపోయి మళ్లీ చిగురిస్తుంది. దాన్ని కట్టడి చేసేది సిమెంటు కాదు, లోతు. తొమ్మిదంగుళాల ఇటుకలను నిలువుగా, సందు లేకుండా, ముప్పాతిక వంతు భూమిలోకి దించి పాతాలి. అంచు మీదుగా వచ్చే కాడలను అప్పుడప్పుడు కోసేస్తే చాలు. పూర్వం రైల్వే స్టేషన్లలో, బడుల్లో ఇటుకలను మూలలు పైకొచ్చేలా ఏటవాలుగా పాతి, ఒకదానికి జాజు, ఒకదానికి సున్నం పూసేవారు. చూడ్డానికి ముచ్చటే గానీ ఆ సందుల్లో కలుపు తీయడం నరకం. పాతది కాబట్టి మంచిదనే వాదన నాది కాదు.

ఇక మట్టి సంగతి. సిమెంటు గట్టు ఉంటే మట్టి పోదు, నిజమే. నీళ్లూ పోవు. నాలుగు పక్కలా ప్లాస్టింగు చేసిన మడి జడివానకు తొట్టి అయిపోతుంది. కనకాంబరానికీ చామంతికీ నిలవనీరు పడదు. వేరు కుళ్లి ఆకు వాడితే, దాహమనుకుని మరో బకెట్టు పోసేవాళ్లున్నారు! మాలు లేని ఇటుకల మధ్యనుంచి నీరు జారిపోతుంది, మట్టి నిలుస్తుంది.

ఎవరూ చెప్పని నష్టం ఇంకోటుంది. మాలు కలిపేది మడి పక్కనే, పని అయ్యాక తట్ట కడిగేది మొక్క మొదట్లోనే. సిమెంటు నీళ్లు గాఢమైన క్షారం. నేలలో క్షారం పెరిగితే ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. మందారం లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది చూసి యూరియా వేస్తే ఒరిగేదేమీ లేదు. "మడి పక్కన పరిచే తాండూరు నాపరాయీ, బేతంచెర్ల రాయీ సున్నపురాళ్లే కదా?" అని అడగొచ్చు. అవును. కానీ రాతిలోని సున్నం కరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, తట్ట కడిగిన నీళ్లు ఆ పూటే వేరుకు దిగుతాయి.

చెట్టు మొదలును ఒరుసుకుంటూ కాంక్రీటు పోయడం మరీ అన్యాయం. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. దారం కట్టి, గాడి తవ్వి, అడుగు దిమ్మిసతో గట్టిపరచి, రెండంగుళాల ఇసుక పరవాలి. మడివైపు నిలువు ఇటుకల వరస, దాని పక్కన దారి మట్టానికి సమంగా అడుగు వెడల్పున రాయి. పూలు కోసేటప్పుడు కాలు పెట్టడానికి, చీపురు ఆడటానికి ఆ వెడల్పు కావాలి. అడుగుకు పావంగుళం వాలు చాలు. వాన తక్కువ పడే చోట మడివైపు, ఎక్కువ పడే చోట బయటికి ఇవ్వాలి. ఇంటి గోడవైపు మాత్రం ఎప్పుడూ వద్దు.

కారు చక్రం ఎక్కే మూల ఉంటే అక్కడ సిమెంటు కావాల్సిందే. పునాది తీసి, నీళ్లు పోవడానికి తూములు వదిలి కట్టమనండి. మేస్త్రీకి ఆ మూల చాలు.