మోటివేషన్ కాదు సార్, ఒక లేన్ ఇవ్వండి

ప్రతి ఏడాదీ వేసవి సెలవులు ఇచ్చే ముందు మన ఆశ్రమ పాఠశాలలకి ఒక చుట్టం వస్తాడు. చేతిలో మైకు, వెనక ప్రొజెక్టర్. తెర మీద మైకేల్ ఫెల్ప్స్ ఫొటో వేసి, "ఇతను 23 ఒలింపిక్ బంగారు పతకాలు ఎలా గెలిచాడు? లోపల నిప్పు ఉంది కాబట్టి. ఆ నిప్పు మీలోనూ ఉంది, వెతుక్కోండి!" అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. సారు శాలువా కప్పించుకుని కారెక్కి వెళ్ళిపోతాడు. పిల్లలు ట్రంకుపెట్టెలు సర్దుకుని ఊళ్ళకి పోతారు.

ఆ పిల్లలు ఊరికి పోయి ఏం చేస్తారో ఆ సారుకి తెలుసా? తునికాకు కోస్తారు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, ఎండ ముదరకముందే అడవికి పోయి, యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి మోస్తారు. అంతకుముందు మార్చి, ఏప్రిల్‌లో అయితే ఇప్పపువ్వు. పట్నం పిల్లల 'సమ్మర్ సీజన్' అంటే వేరు, మనది వేరు. చీకట్లో లేచి అడవికి పోయే పదేళ్ళ పిల్లకి పట్టుదల లేదని, దాన్ని లోపల వెతుక్కోమని చెప్పడానికి ఎంత ధైర్యం ఉండాలి!

మిత్రులారా, నేను అడిగేది ఒకటే. ఫెల్ప్స్ పేరు తెచ్చినోళ్ళు ఫెల్ప్స్ కథ పూర్తిగా ఎందుకు చెప్పరు?

ఆయన ఏడేళ్ళ వయసులో ఈతకి వెళ్ళింది లోపలి నిప్పు వల్ల కాదు. అక్కలిద్దరూ అప్పటికే ఈతకి పోతున్నారు కాబట్టి వెళ్ళాడు. మొదట్లో ముఖం నీళ్ళలో పెట్టడానికే భయపడ్డాడు. సరే, వెల్లకిలా ఈదమన్నారు. అలా మొదలైంది. వాళ్ళ ఊళ్ళో నార్త్ బాల్టిమోర్ అక్వాటిక్ క్లబ్ అని ఒక క్లబ్ ఉంది. పదకొండేళ్ళప్పుడు ఆ క్లబ్‌లో బాబ్ బౌమన్ అనే కోచ్ చేతికి చిక్కాడు. అక్కణ్ణించి ఏళ్ళ తరబడి ఆ ఒక్క మనిషి గట్టు మీద నిలబడ్డాడు. అంటే ముందు అక్కలు, ఆ తర్వాత కొలను, క్లబ్, కోచ్, ఇవన్నీ అయ్యాక పతకాలు. మన ప్రొజెక్టర్ సారు మధ్యలో ఉన్నవన్నీ కత్తిరించి 'నిప్పు' ఒక్కటే ఉంచాడు. ఎందుకంటే నిప్పుకి బడ్జెట్ అక్కర్లేదు.

నేను డిగ్రీ రెండో ఏడాది వేసవిలో పట్నంలో ఒక ప్రైవేట్ స్విమ్మింగ్ పూల్‌లో పని చేశాను. కొలను పేరు అనవసరం. పొద్దున నీళ్ళ మీద ఆకులు తీయడం, గట్టు కడగడం, క్లోరిన్ కలపడం, పిల్లలు వదిలేసిన టోపీలు, గాగుల్స్ ఏరి పెట్టడం నా పని. ఆ రెండు నెలల ఫీజు మా అమ్మ ఒక సీజన్ అంతా ఆకు కోసినా రాదు. అది పక్కన పెట్టండి. నేను అక్కడ కళ్ళారా చూసింది ఇంకొకటి ఉంది.

ఒక పిల్లాడు, పదేళ్ళుంటాయి. మొదటి వారం గేటు దగ్గరే ఏడుపు. వాళ్ళమ్మ స్కూటీ దిగదు, వాడు స్కూటీ వదలడు. నీళ్ళంటే భయం, చలి, పొద్దున్నే లేవడం చిరాకు. కోచ్ వాడికి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. వాడిలాగే సగం సగం వచ్చిన ఇద్దరు పిల్లలతో కలిపి ఒక లేన్‌లో వేశాడు. చేతికి కిక్‌బోర్డ్ ఇచ్చాడు. "తల దించు, మోచెయ్యి పైకి, ఊపిరి నీళ్ళలో వదులు." ఇవే మాటలు, రోజూ ఇవే. రెండో వారం చివర గోడ మీద తెల్లబోర్డులో ముగ్గురి పేర్లు రాసి, పక్కన 25 మీటర్లకి ఎన్ని సెకన్లు పట్టిందో రాశాడు. వాడికి 41. మర్నాడు 39. ఆ రోజు వాడు బోర్డు ముందు నిలబడిన తీరు చూడాల్సింది, తన పేరు పక్క అంకె తగ్గిందని వాడికే నమ్మకం కుదర్లేదు. మూడో వారానికి వాళ్ళమ్మ బండి స్టాండ్ వేసేలోపే లోపలికి ఉరికేవాడు. ఎందుకని? లేన్‌లో ఇద్దరు స్నేహితులు ఎదురుచూస్తున్నారు. బోర్డు మీద అంకె ఉంది. సీజన్ చివరి ఆదివారం పోటీ ఉంది, ఆ తేదీ అందరికీ తెలుసు. రాకపోతే "నిన్న ఎందుకు రాలేదురా?" అని అడిగే మనిషి ఉన్నాడు.

దాన్నే వాళ్ళు ఇంగ్లీషులో మోటివేషన్ అంటారు. అది ఆ పిల్లాడి గుండెలో దాక్కుని ఉన్నది కాదు. చుట్టూ నలుగురు కలిసి ఏర్పాటు చేశారు, అప్పుడు వాడిలో పుట్టింది. పుట్టాక మాత్రం అది వాడి సొంతమే, కాదనను. అయిదు వారాల తర్వాత ఎవరూ లేపకుండా లేచాడట.

అదే మే నెలలో మా చిన్నాన్న కొడుకు శబరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈది మళ్ళీ వచ్చేవాడు. మధ్యాహ్నం, ఆకు కట్టలు దింపాక. వాడికి ఎన్ని నిమిషాలు పట్టేదో ఎవరికీ తెలీదు, ఎవరూ గడియారం పట్టుకోలేదు. వాడి వేగం పెరిగిందో తగ్గిందో వాడికీ తెలీదు. పదో తరగతి తర్వాత మానేశాడు. ఈత కాదు, చదువు. ఇప్పుడు మిర్చి కోతలకి పోతున్నాడు. వాడిలో ఏ నిప్పు తక్కువైంది సార్?

మన దగ్గర "ఆదివాసీలకు ప్రవేశం లేదు" అని ఎవరూ బోర్డు పెట్టరు. ఫీజు బోర్డు పెడతారు, అది చాలు. నిజంగానే బోర్డు పెట్టినంత పని చేసిన ఊరు ఒకటి ఆస్ట్రేలియాలో ఉంది, పేరు మోరీ. అక్కడి మున్సిపల్ కౌన్సిల్ ఊరి ఈత కొలనులోకి ఆ నేల మూలవాసుల్ని, అబోరిజినల్ పిల్లల్ని రానివ్వకుండా తీర్మానమే చేసింది. 1965 ఫిబ్రవరిలో సిడ్నీ యూనివర్సిటీ విద్యార్థులు బస్సు వేసుకుని వచ్చారు. ముందు నిలిచింది చార్లెస్ పెర్కిన్స్, తనూ అబోరిజినల్ విద్యార్థే. ఊరి బయట ఉండే పిల్లల్ని వెంటబెట్టుకుని కొలను గేటు దగ్గరికి నడిపించాడు. గుడ్లు, టమాటాలు విసిరారు. వీళ్ళు కదల్లేదు. మన వయసు వాళ్ళే, చదువుకుంటున్న వాళ్ళే. భూమి, ఓటు, కూలి లాంటి పెద్ద సమస్యలు ఉండగా ఈత కొలను గొడవ ఎందుకు అని వాళ్ళు అనుకోలేదు. ఎండాకాలం పిల్లలు నీళ్ళలో దిగే హక్కు కూడా మనిషి హక్కే అనుకున్నారు.

ఈ మాట ఇక్కడ ఎందుకు ఎత్తానంటే మన వాళ్ళే కొందరు నన్ను అడిగారు: "తాగడానికి నీళ్ళు లేని గూడేలున్నాయి, నీకు స్విమ్మింగ్ పూల్ కావాలా?" న్యాయమైన ప్రశ్నే. మంచినీళ్ళు మొదట, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఈత సోకు అన్నవాళ్ళకి ఒక సంగతి. పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండు మారుమూల అబోరిజినల్ ఊళ్ళలో 2000లో కొలనులు కట్టారు. డాక్టర్లు వెళ్ళి పిల్లల్ని పరీక్షించి 2003లో ఫలితాలు అచ్చేశారు. చర్మం మీద పుండ్లు బాగా తగ్గాయి, చెవి జబ్బులూ తగ్గాయి. అక్కడ బడికి రాకపోతే కొలనులోకి రానివ్వరు అనే పద్ధతి కూడా పెట్టారు. (ఆ షరతు నాకు నచ్చదు. పిల్లలకి నీళ్ళు లంచంగా చూపించడం ఏంటి?)

ఇక అసలు ప్రాణాల సంగతికి వద్దాం. "గోదారి ఒడ్డు కోయోళ్ళు, కొండరెడ్లు కదా, ఈత పుట్టుకతోనే వస్తది" అని బయటోళ్ళు అంటారు. మనమూ గర్వంగా తల ఊపుతాం. అబద్ధం అది. ఈత ఎవరికీ పుట్టుకతో రాదు. మా తాత తరం నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని, బెండు కట్టుకుని, పెద్దోళ్ళ కళ్ళ ముందు నేర్చుకున్నారు. ఇప్పుడు మూడో తరగతికే పిల్లని హాస్టల్లో వేస్తున్నాం. ఆ పిల్ల ఏడాదిలో పది నెలలు ప్రహరీ గోడ లోపల ఉంటుంది. వాగు దగ్గరికి పోతే వార్డెన్ కొడతాడు. సెలవుల్లో వస్తే ఆకు కోత. ఇంక నేర్పేదెవరు, నేర్చుకునేదెప్పుడు? ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. పదకొండేళ్ళు దాటితే నీళ్ళలో దిగడమే తప్పు అన్నట్టు చూస్తున్నాం, మన గూడేల్లోనే. పోలవరం పునరావాస కాలనీలకి పోయినోళ్ళ పిల్లలకైతే ఏరు అనేదే ఒక జ్ఞాపకం.

దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్ళలో మునిగి చనిపోతున్నారని ప్రభుత్వ నేర గణాంకాలే చెబుతున్నాయి. మన దగ్గర ఎలా పోతున్నారో మనకి తెలుసు. ఇసుక తోడిన గుంతలో కాలు జారి, చెక్‌డ్యామ్ దగ్గర, వర్షాకాలం వాగు దాటబోయి. పిల్లాడు మునుగుతుంటే ఈత రాని అన్న దూకుతాడు, ఇద్దరూ పోతారు. పేపర్లో రెండు లైన్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 70 అడుగులు దాటినప్పుడు మన ఊళ్ళు ఎలా మునిగాయో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. పోలవరం నీళ్ళు నిలబెడితే అలాంటి నీళ్ళ పక్కనే బతకాలి.

ఈత ఒక్కటొస్తే చాలు అని నేను అనడం లేదు. 2018 మే 15న కొండమొదలు నుంచి మన వాళ్ళతో వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకి మునిగింది. తలుపులు వేసి ఉన్నాయి, లోపలున్న వాళ్ళకి ఈత వచ్చినా ఏం చేస్తారు? అక్కడ కావాల్సింది రోడ్డు, మంచి పడవ, లైఫ్ జాకెట్. అవి ఇవ్వాల్సిన వాళ్ళు ఇవ్వాలి. ఈత పేరు చెప్పి వాళ్ళ బాధ్యత మన పిల్లల మీదకి నెట్టడానికి నేను ఒప్పుకోను.

మరి ప్రభుత్వం తలుచుకుంటే ఏం జరుగుతుందో చూడాలంటే లింబారామ్‌ని చూడండి. రాజస్థాన్ ఉదయ్‌పూర్ వైపు ఆదివాసీ. అడవిలో వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టిన పిల్లాడు. 1987లో సర్కారు వాళ్ళ దగ్గరి పల్లెకి వచ్చి విలుకాళ్ళ ఎంపిక పెట్టింది, తీసుకుపోయి శిక్షణ ఇచ్చింది. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. 1992లో ప్రపంచ రికార్డుని సమం చేశాడు. అడవిలో బాణం వేసే పిల్లలు 1987కి ముందు లేరా? వందల ఏళ్ళుగా ఉన్నారు. ఆ ఏడాది కొత్తగా వచ్చింది వాళ్ళలో పట్టుదల కాదు, సెలెక్షన్ కమిటీ జీపు. మన గోదారి, శబరి, సీలేరు, కిన్నెరసాని ఒడ్లకి ఆ జీపు రావాలి కదా?

మనం అడిగేది ఒలింపిక్ కొలను కాదు. ఐటీడీఏ కేంద్రంలో ఒక 25 మీటర్ల కొలను, గిరిజన ఉప ప్రణాళిక నిధులతో. ఆశ్రమ పాఠశాలల నుంచి వారానికి ఒక రోజు వంతుల వారీగా బస్సు. వేసవిలో ఆకు సీజన్ అయ్యాక, బడి తెరిచేలోపు ఒక సీజన్, చివర్లో పోటీ. ఆడపిల్లలకి ఆడ కోచ్, విడిగా సమయం. కోచ్‌లుగా, కాపలా ఈతగాళ్ళుగా బయటోళ్ళని తేవద్దు. పడవ నడిపిన మన యువకులకే, యువతులకే శిక్షణ ఇచ్చి జీతం ఇవ్వండి.

అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు, కానీ జాగ్రత్త. ఎండాకాలం ఏరు తగ్గి ఉంటుంది. గుంతలు లేని, నడుం లోతు నీళ్ళున్న చోటు పెద్దోళ్ళతో చూపించుకోండి. రెండు వెదుర్లు పాతి తాడుతో 25 మీటర్లు కొలవండి. గట్టు మీద ఈత బాగా వచ్చిన వాళ్ళు ఇద్దరు లేకపోతే ఒక్క పిల్లాణ్ణి కూడా దింపొద్దు. చినుకు పడితే ఆపేయాలి. చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది, రీల్స్ ఆపి స్టాప్‌వాచ్ తెరవండి. పలక మీద పేర్లు, సెకన్లు రాయండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి. మర్నాడు రాని పిల్ల ఇంటికి వెళ్ళి ఎందుకు రాలేదో అడగండి.

వచ్చే సోమవారం మా మండలం కుర్రాళ్ళం ఐటీడీఏకి అర్జీ పట్టుకుని పోతున్నాం. కొలను, కోచ్, బస్సు, ఈ మూడే రాశాం. మీ మండలం నుంచి మీరూ అదే రోజు రాసి ఇవ్వండి. రసీదు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు. మోటివేషన్ క్లాసు పెడతాం అంటే మాత్రం ఆ ఖర్చుతో కిక్‌బోర్డులు కొనమనండి.